నెట్‌వర్క్‌ఎక్స్ డైగ్రాఫ్: ఎడ్జిలు అడిగే తీరు తెలిస్తే హాయి

మా డేటాబేసులో ఏ పట్టిక దేని నుంచి తయారవుతుందో చూసుకోవడానికి కొన్నేళ్లుగా పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ వాడుతున్నాను. పట్టికలు నోడ్‌లు, వాటి మధ్య బాణాలు ఎడ్జిలు. ఫలానా పట్టికను మారిస్తే ఏవేవి దెబ్బతింటాయని అడగడమే రోజూ ఉండే పని. ఆ పనికి ఇంతకన్నా తేలికైన లైబ్రరీ నాకు దొరకలేదు. కాకపోతే దీనికి మొహమాటం ఎక్కువ, తప్పు ప్రశ్న అడిగినా తప్పని చెప్పదు.

డైగ్రాఫ్‌లో, అంటే బాణాలకు దిశ ఉండే గ్రాఫులో, ఎడ్జెస్ అనే ఆదేశానికి ఒక నోడ్ పేరిస్తే బయటికి వెళ్లే బాణాలే వస్తాయి. లోపలికి వచ్చేవి కావాలంటే ఇన్_ఎడ్జెస్ అనే రాయాలి. దిశ లేని గ్రాఫు కోసం రాసిన కోడును ఇక్కడికి తెస్తే కొన్ని సంబంధాలు చప్పుడు లేకుండా మాయమవుతాయి. అందుకే, జవాబు ఒకటే అయినా, నేను అవుట్_ఎడ్జెస్ అని పూర్తిగా రాస్తాను.

అసలు చిక్కు పేరులో అక్షరం పోయినప్పుడు. 'అమ్మకాలు' అనే నోడ్ ఉండగా ఎడ్జెస్‌ను 'అమకాలు' అని అడిగారనుకోండి. అలాంటి నోడ్ లేదు కాబట్టి, ఇదేదో నోడ్‌ల వరస కాబోలనుకుని అ, మ, క అంటూ ఒక్కో అక్షరాన్నీ వెతుకుతుంది. ఏదీ దొరకక ఖాళీ జవాబు ఇస్తుంది. అదే లేని నోడ్ పేరు అంకె అయితే వెంటనే ఎర్రర్! ఆ ఖాళీ జవాబు చూసి, దీని మీద ఏదీ ఆధారపడలేదని నమ్మి పట్టికను తీసేస్తే ఇక చెప్పాలా? ఒక్క నోడ్ సంగతే కావాలంటే, దాని నుంచి బాణాలు వెళ్లే నోడ్‌లను ఇచ్చే సక్సెసర్స్ మేలు, లేని పేరిస్తే ఎర్రర్‌తో ఆపేస్తుంది.

2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి ఎడ్జెస్ జాబితా ఇవ్వదు, గ్రాఫులో ఆ క్షణాన ఉన్నదాన్ని చూపే వ్యూ ఇస్తుంది. లూపు నడుస్తుండగా ఎడ్జి తీసేస్తే డిక్షనరీ సైజు మారిందంటూ పైథాన్ ఆగిపోతుంది, ముందే లిస్టుగా మార్చుకోవాలి. ఎడ్జిలను ఒక్కొక్కటిగా ఇచ్చే ఎడ్జెస్_ఇటర్ పాత పాఠాల్లో కనిపిస్తుంది గానీ ఇప్పుడు లేదు.

ఎడ్జి విలువలు తీయడం మాత్రం ముచ్చటగా ఉంటుంది. ఎడ్జెస్‌ను అడిగేటప్పుడు డేటా దగ్గర 'వెయిట్' అని రాసి, డిఫాల్ట్ 1 అంటే చాలు, రెండు నోడ్‌లూ విలువా కలిసి వస్తాయి, విలువ రాయని ఎడ్జికి 1 పడుతుంది.

డైగ్రాఫ్ ప్రతి బాణాన్నీ వెళ్లే వైపూ వచ్చే వైపూ రెండుచోట్ల నమోదు చేస్తుంది. ఇన్_ఎడ్జెస్ వేగం అక్కడిదే, మెమరీ ఖర్చు కూడా. మా గ్రాఫు వేలల్లోనే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కోట్ల ఎడ్జిలున్నవాళ్లు ఐగ్రాఫ్ గానీ రస్ట్‌వర్క్స్ గానీ, ఇలాంటి వేరే లైబ్రరీలు చూసుకోవడం మంచిది.