సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగినా ఏసీ ఆగదు: హైరైడర్, హైక్రాస్, ఫార్చ్యూనర్ వాడాక

మే నెల మధ్యాహ్నం పంజగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిపితే చాలు, హార్స్‌పవర్ లెక్కలన్నీ అటకెక్కుతాయి. అక్కడ కావలసింది రెండే: చల్లగా ఉండాలి, పెట్రోలు ఊరికే కాలకూడదు. టొయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ (ఇంజన్ ఆపి మోటారుతోనే కొంతదూరం నడిచేది) ఈ రెండూ ఒకేసారి ఇస్తుంది. మా బండి అరవై వేల కిలోమీటర్లు దాటింది. ఇప్పటికీ నచ్చే గుణం ఇదొక్కటే. మిగతావన్నీ పర్వాలేదు అనిపించేవే.

దీని ఏసీ కంప్రెసర్‌కు బెల్టు లేదు. హైబ్రిడ్ బ్యాటరీ కరెంటుతోనే తిరుగుతుంది. అందుకే సిగ్నల్లో ఇంజన్ ఆగినా చల్లగాలి వస్తూనే ఉంటుంది. అదే హైరైడర్ పేరుతో అమ్మే మైల్డ్ హైబ్రిడ్‌లో (మోటారు ఇంజన్‌కు సాయం మాత్రమే చేసేది) అలా కాదు. ఇంజన్ ఆగితే కంప్రెసరూ ఆగుతుంది, బ్లోయర్ గాలి కాసేపటికి వెచ్చబడుతుంది, ఉక్క తట్టుకోలేక స్టార్ట్-స్టాప్ బటన్ నొక్కి ఆపేస్తాం. పేరు ఒకటే గానీ లోపల బండ్లు వేరు. అయితే ఆల్ వీల్ డ్రైవ్ కావాలనుకునేవాళ్లకు మైల్డ్ తప్ప దారి లేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో అది ఇవ్వలేదు.

ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌లోనూ ఏసీ పద్ధతి ఇదే. అది ఎస్‌యూవీనా, వ్యానా అన్న వాదన ఎప్పటికీ తెగదు, వదిలేద్దాం. ఫార్చ్యూనర్ 2.8 డీజిల్ వీటికి పూర్తిగా ఎదురు. చల్లగాలి కావాలంటే జామ్‌లో ఉన్నంతసేపూ ఇంజన్ తిరగాల్సిందే. పైగా ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిప్పితే సైలెన్సర్ దారిలో ఉండే డీపీఎఫ్‌లో (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి పేరుకుంటుంది. వారానికోసారైనా ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎక్కి, ఇరవై ముప్పై నిమిషాలు ఒకే వేగంతో పోనిస్తే ఆ మసి కాలిపోతుంది. మసి కాలుతున్నప్పుడు ఇల్లు వచ్చిందని ఇంజన్ ఆపేస్తే పని సగంలో ఆగుతుంది. రెండు మూడుసార్లు అలా జరిగితే డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది.

మైలేజీ ట్యాంకు నిండుగా కొట్టించి, మళ్లీ నింపి లెక్కేసినవి చెబుతున్నా. మీటర్ చూపించేది కాస్త ఎక్కువే ఉంటుంది. హైరైడర్ ఊళ్లో 21 నుంచి 24, ఓఆర్‌ఆర్ మీద 110లో పోతే 18. హైక్రాస్ ఊళ్లో 15-16. ఫార్చ్యూనర్ ఊళ్లో 9, హైవేలో 12. హైరైడర్‌లో లెక్క తిరగబడింది గమనించారా? ఊళ్లోనే ఎక్కువ ఇస్తుంది. బ్రేకు కొట్టిన ప్రతిసారీ మోటారు జనరేటర్‌గా మారి కరెంటు వెనక్కి పంపుతుంది. ఓఆర్‌ఆర్ మీద బ్రేకే కొట్టకపోతే ఇక పంపేదేముంది? 2023లో అక్కడ వేగ పరిమితి 120కి పెంచారు. ఆ వేగంలో మూడు సిలిండర్ల ఇంజన్ మోత కూడా క్యాబిన్‌లోకి వస్తుంది.

ఇక అసలు కథ, బ్యాటరీకి గాలి అందకపోవడం. హైబ్రిడ్ బ్యాటరీని చల్లార్చేది క్యాబిన్‌లోని గాలే. సీటు కింది భాగంలో జాలీ లాంటి వెంట్ ఒకటి ఉంటుంది, ఒక చిన్న ఫ్యాను అక్కడి నుంచి గాలి లాగుతుంది. మోడల్‌ను బట్టి చోటు మారుతుంది, మాన్యువల్‌లో బొమ్మ చూసి పోల్చుకోవాలి. కొత్త కారుకు సీట్ కవర్లు వేసిన షాపువాళ్లు ఆ జాలీ మీదుగా కవరు అంచును లాగి కుట్టేశారు. కింద మిగిలిన సందులోంచి కోకాపేట, కొల్లూరు వైపు కట్టడాల దుమ్మంతా లోపలికి చేరింది.

అయితే ఇది ఒక్కరోజులో బయటపడే జబ్బు కాదు. మొదట వెనక సీటు దగ్గర సన్నగా ఫ్యాను రొద మొదలవుతుంది. అది ఏసీ రొదే అనుకుంటాం. తర్వాత ఇంజన్ ఆగి ఉండే సమయం తగ్గుతుంది. బ్యాటరీ వేడెక్కితే సిస్టం దాని మీద భారం తగ్గించి ఇంజన్‌ను ఎక్కువసేపు తిప్పుతుంది మరి. ఊళ్లో 22 ఇచ్చే బండి 17కి వస్తుంది. ఆ తర్వాతే, అదీ నలభై రెండు డిగ్రీల ఎండలో, బ్యాటరీ కూలింగ్ భాగాలు చూపించుకోమని డాష్‌బోర్డు మీద సందేశం వస్తుంది. ఇంత దూరం రానివ్వడం మన తప్పే, బండిది కాదు.

సరిచేయడానికి అరగంట చాలు. పవర్ ఆఫ్ చేసి, కవరు అంచు విప్పి, జాలీని వేళ్లతో మెల్లగా ముందుకు లాగితే క్లిప్పుల నుంచి ఊడి వస్తుంది. లోపలి ఫిల్టర్ తీసి వ్యాక్యూమ్ క్లీనర్‌తో దుమ్ము లాగేయాలి. వెంట్ నోటి దగ్గర కూడా వ్యాక్యూమే పెట్టాలి. వాటర్ సర్వీసింగ్ షాపుల్లో ఏది చూసినా ఎయిర్ గన్ పెడతారు, దీనికి మాత్రం వద్దనండి. ఆ గాలికి దుమ్ము ఇంకా లోపలికి, బ్యాటరీ వైపు పోతుంది. నీళ్లు అసలే తగలకూడదు. తిరిగి బిగించాక కవరును జాలీ చుట్టూ రెండు వేళ్ల ఖాళీ ఉండేలా కత్తిరించి అంచు కుట్టించాలి. కొంత దూరం తిప్పినా సందేశం పోకపోతే లోపల ఫ్యానుకే దుమ్ము పట్టిందని అర్థం, అది స్కానర్ పెట్టి సర్వీసు సెంటర్లో చూడాల్సిన పని. ఆ తర్వాత ప్రతి పదివేల కిలోమీటర్లకూ ఫిల్టర్ తీసి చూస్తున్నాం, ఎప్పుడూ ఖాళీగా మాత్రం లేదు. హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది గానీ, మూసుకుపోయిన జాలీకి దాన్ని అడ్డం పెట్టుకోలేం.

హైదరాబాద్ డ్రైవర్లకు సిగ్నల్లో న్యూట్రల్‌లో వేసే అలవాటు ఉంటుంది. ఈ బండిలో దాన్ని మానుకోవాలి. ఎన్‌లో ఉంటే ఇంజన్ తిరుగుతున్నా హైబ్రిడ్ బ్యాటరీ ఛార్జ్ కాదు, జనరేటర్ పని ఆపేస్తుంది. ఏసీ మాత్రం తాగుతూనే ఉంటుంది. మెహిదీపట్నం దగ్గర పావుగంట ఎన్‌లో నిలబడితే బ్యాటరీ అడుగంటి, గేరు మార్చమని బండే అడుగుతుంది. డిలో బ్రేకు మీద కాలుంచండి, ఎక్కువసేపైతే పి వేయండి.

చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఇంకో తలనొప్పి. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, ఈ చిన్నది పడుకుంటే, బండి కదలడానికి సిద్ధమని చెప్పే రెడీ లైటు రాదు. సంక్రాంతికి రైల్లో ఊరెళ్లి, సెల్లార్‌లో రెండు వారాలు బండిని వదిలేసి వచ్చినవాళ్లకు ఇది బాగా తెలుసు. డాష్ కెమెరాను నేరుగా వైరింగ్‌కు కలిపితే ఇంకా త్వరగా పడుకుంటుంది. వారానికోసారి రెడీలో పెట్టి ముప్పావుగంట ఉంచాలి. బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కితే వచ్చే ఇగ్నిషన్ మోడ్‌లో ఉంచితే ఛార్జింగ్ ఎక్కదు, ఉన్నదీ దిగుతుంది. పక్కింటి బండికి దీన్నుంచి జంపర్ కేబుల్ వేయొద్దు.

ఘాట్ రోడ్డు మీద మొదటిసారి భయపడతారు. శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగేటప్పుడు, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా ఇంజన్ ఒక్కసారి గట్టిగా అరుస్తుంది. చెడిపోలేదు. మనుషులతో కలిపి 1,600 కిలోల బండి వంద మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 0.44 యూనిట్ల శక్తి వస్తుంది. బ్యాటరీ మొత్తమే 0.76 యూనిట్లు, అందులో సిస్టం వాడనిచ్చేది కొంతే. నాలుగు మలుపులకే నిండుతుంది. ఇక కరెంటు పెట్టే చోటు లేక, ఇంజన్‌ను ఊరికే తిప్పి వేగాన్ని ఆపుతుంది. దిగడం మొదలుపెట్టినప్పుడే గేరు లివర్‌ను ‘బి’ (ఇంజన్ బ్రేకింగ్) దగ్గర పెడితే బ్రేకులు వేడెక్కవు.

ఏసీ గురించి మొదట చెప్పినదాన్ని ఇప్పుడు కాస్త సవరించాలి. ఆగస్టులోనో డిసెంబరులోనో అయితే ఆ మాట అక్షరాలా నిజం. మేలో ఎండలో నిలబెట్టి తీసిన బండిలో, మొదటి పదిహేను నిమిషాలు కంప్రెసర్ ఎంత ఇచ్చినా మింగేస్తుంది. హైబ్రిడ్ బ్యాటరీ కూడా చిన్నదే కదా, నాలుగైదు నిమిషాలకోసారి ఇంజన్ లేస్తూనే ఉంటుంది. ముందు అద్దాలు దించి వేడి బయటికి పంపి, తర్వాత 25లో పెట్టి, గాలిని లోపలే తిరిగేలా చేస్తే తేడా తెలుస్తుంది. బ్రేకు ప్యాడ్ల విషయంలోనూ ఇలాగే రెండు ముఖాలున్నాయి. అరవై వేలకు సగం కూడా అరగలేదు, సంతోషమే. కానీ బ్రేకు వాడకం తక్కువ కాబట్టి వానాకాలంలో డిస్కులకు తుప్పు పడుతుంది, క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. ఏటా ఒకసారి విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టించాలి.

డబ్బు లెక్క మీ తిరుగుడును బట్టి ఉంటుంది. మైల్డ్ ఊళ్లో 14, స్ట్రాంగ్ 22 ఇస్తుందనుకుంటే, నెలకు వెయ్యి కిలోమీటర్లకు 26 లీటర్లు మిగులుతాయి. లీటరు 107 రూపాయలనుకుంటే 2,780 రూపాయలు. రెండు ఆన్‌రోడ్ ధరల తేడాను దీంతో భాగిస్తే, ఆ తేడా ఎన్ని నెలల్లో తిరిగి వస్తుందో తెలుస్తుంది. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొచ్చే నలుగురి కుటుంబం కాబట్టి మాకు హైరైడర్ సరిపోయింది. డిక్కీ కింద బ్యాటరీ ఉండటంతో పెద్ద సూట్‌కేసులకు చోటు చాలదు, అదీ సర్దుకున్నాం. ఆరుగురున్న ఇంట్లో హైక్రాస్ తప్ప మాట లేదు. వికారాబాద్ వైపు పొలం ఉండి, వానలో మట్టిబాటలో దిగాల్సివస్తే ఫార్చ్యూనర్ ముందు ఈ రెండూ బలాదూరే. వారం వారం విజయవాడ హైవే మీదే తిరిగేవాళ్లు హైబ్రిడ్‌కు అంత పెట్టే ముందు రెండుసార్లు లెక్క వేసుకోవాలి.

టెస్ట్ డ్రైవ్‌కు మాత్రం పొద్దున్నే, ఖాళీ రోడ్డు మీద వద్దు. మధ్యాహ్నం మూడింటికి, గంటసేపు ఎండలో నిలబడిన బండినే అడగండి.