పాత కన్వర్టిబుల్ రోజువారీ కారుగా కొంటున్నారా? ముందుగా సీటు కింద కార్పెట్ తడిమి చూడండి

న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళలో, ఇరవై ఏళ్ళు దాటిన స్పోర్ట్స్ కారు తక్కువ ధరకు వస్తోంది, కొనేసి రోజూ ఆఫీసుకు నడుపుకుందాం అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. పోయిన ఏప్రిల్‌లో నేనూ అలాగే అనుకున్నాను. 2003 మోడల్ పోర్షే బాక్స్‌స్టర్ ఎస్, గుడ్డ టాప్ మడిచి తెరిచే కన్వర్టిబుల్, 88,000 మైళ్ళు తిరిగింది. ఒక చిన్న యూజ్డ్ కార్ డీలర్ దగ్గర 11,500 డాలర్లకు కొన్నాను. ఆరు నెలలు తిరగకముందే ఒక వానకు కారు చచ్చిపోయింది. రిపేర్లకు ఇప్పటికి 3,400 డాలర్లు అయ్యాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, అమ్మినవాళ్ళు తెలిసే దాచారన్నది నన్ను ఎక్కువ బాధపెట్టింది. మీకలా జరగకూడదని ఇదంతా రాస్తున్నాను.

కారు నచ్చకపోవడం వల్ల రాస్తున్నానని మాత్రం అనుకోకండి. టాప్ తీసి, వెనకాల 3.2 లీటర్ల ఇంజిన్ మోగుతుంటే, ఎడిసన్ నుంచి 287 హైవే మీద పొద్దున్నే వెళ్ళిన రోజులు నాకు ఇప్పటికీ ఇష్టమే. 258 హార్స్‌పవర్, ఆరు గేర్ల మాన్యువల్. ఆఫీసు చేరేసరికి మనసు తేలికపడేది.

ఈ కారు గురించి చదివిన ఎవరికైనా ముందు పట్టుకునే భయం ఐఎమ్‌ఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్. క్రాంక్‌షాఫ్ట్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌లకు చైన్లతో తిప్పుడు అందించే షాఫ్ట్ ఒకటి ఇంజిన్ లోపల ఉంటుంది. దాని చివరి బేరింగ్ పోతే టైమింగ్ తప్పి మొత్తం ఇంజినే పోవచ్చు. ఈ విషయం మీద అమెరికాలో కొన్నవాళ్ళందరి తరఫునా వేసే క్లాస్ యాక్షన్ కేసు కూడా నడిచి 2013లో రాజీ కుదిరింది. 2003 మోడల్ కారులో ఈ బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి, అందుకే చాలామంది క్లచ్ మార్చేటప్పుడే ఆ పని కూడా చేయిస్తారు. నేను చూసిన కారుకు ఆ పని అయినట్టు బిల్లు ఉంది. అయినా నమ్మకుండా, బయటి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి లిఫ్ట్ ఎక్కించాను. ఆయిల్ ఫిల్టర్ కోసి లోహపు ముక్కలున్నాయేమో చూడమన్నాను. కూలెంట్ ట్యాంకు పగుళ్ళు, వెనక సీల్ లీకు, పొగ, క్లచ్, అన్నీ అడిగాను. ఆయన అన్నీ చూసి బాగుందన్నాడు. నిజంగానే బాగుంది. ఇంజిన్ ఈ రోజుకీ బాగానే ఉంది.

ఆయన్ని అడగనిది ఒక్కటే, కార్పెట్ లేపి చూడమని. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేశారు. మా ఊళ్ళో ఎవరైనా పాత బండి కొంటుంటే ఆయన బానెట్ తెరవకముందే కాళ్ళ దగ్గరి మ్యాట్ లేపి, కిందున్న రేకు మీద చెయ్యి పెట్టి చూసేవారు. "ఇంజిన్ విప్పి బాగుచేసుకోవచ్చురా, నీళ్ళు తాగిన బండిని ఏం చేస్తాం" అనేవారు. చిన్నప్పటి నుంచి విన్న మాటే. సమయానికి గుర్తు రాలేదు.

కొన్న రోజు కారులో కొత్త మ్యాట్లు ఉన్నాయి, ఘాటుగా సెంటు వాసన వస్తోంది. టాప్ తీసి ఎండలో పెట్టారు. ప్రతి డీలరూ చేసే శుభ్రమే కదా అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ మూడూ నన్ను ఆపాల్సినవి.

వేసవి అంతా ఏ బాధా లేకుండా నడిచింది. మాకు అపార్ట్‌మెంట్‌లో గ్యారేజీ లేదు, మేపుల్ చెట్టు కింద ఓపెన్ పార్కింగే. అక్టోబర్ వచ్చేసరికి ఆకులు రాలడం మొదలైంది.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత కన్వర్టిబుల్‌ను రోజూ బయట పెట్టి వాడేవాళ్ళకు అసలు గండం ఇదే. సాఫ్ట్ టాప్ మీద పడిన వాన టాప్ వెనక అంచుల వెంట జారి, టాప్ మడతపడే అర లోపలికి దిగుతుంది. దిగాలి కూడా, డిజైనే అది. అక్కడ రెండు పక్కలా నీళ్ళు పోవడానికి ఒక్కో రంధ్రం (డ్రెయిన్) ఉంటుంది. నీళ్ళు గొట్టం గుండా పోయి వెనక చక్రాల ముందు కింద పడతాయి. ఆ రంధ్రంలో ఆకులూ మట్టీ చేరి ముద్దకడితే నీళ్ళకు దారి ఉండదు. నిండి పొంగి సీట్ల వెనక నుంచి లోపలికి వస్తాయి. కార్పెట్ కింద మందంగా ఫోమ్ ఉంటుంది, అది స్పాంజిలా పీల్చుకుంటుంది. పైన కార్పెట్ పొడిగా కనిపిస్తూనే కింద వారాల తరబడి తడి ఉండిపోతుంది. ఈ మోడల్‌లో అలారమ్, సెంట్రల్ లాకింగ్, సరైన తాళం లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ చూసుకునే కంట్రోల్ యూనిట్‌ను డ్రైవర్ సీటు కిందే, నేలకు బిగించి పెట్టారు. లోపలికి వచ్చిన నీళ్ళు చేరేది సరిగ్గా అక్కడికే.

ఆ రోజు పొద్దున్నుంచీ ఒకటే వాన. సాయంత్రం ఆరింటికి ఆఫీసు పార్కింగ్‌లోకి వస్తే రిమోట్ పనిచెయ్యలేదు. తాళంతో తలుపు తెరిస్తే అలారమ్ మొదలై ఆగలేదు. తాళం తిప్పితే స్టార్ట్ కావట్లేదు. పాపను డేకేర్ నుంచి ఆరున్నరకు తీసుకురావాలి. మాకున్నది ఆ ఒక్క కారే, నా భార్య ఆ పూట డ్యూటీలో ఉంది. డేకేర్ వాళ్ళకు ఫోన్ చేసి బతిమాలుకుని, ఆఫీసులో పనిచేసే తమ్ముడి లాంటి కుర్రాడి కారులో వెళ్ళేసరికి ఏడు దాటింది. లైట్లన్నీ ఆర్పేసిన హాల్లో పాప ఒక్కతే టీచర్ పక్కన కూర్చుని ఉంది. ఆ టెన్షన్ ఏ తండ్రికీ వద్దు.

మర్నాడు చూస్తే బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. ఈ కారులో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, 2001 తర్వాతి మోడళ్ళలో ఆ డిక్కీ కరెంటుతోనే తెరుచుకుంటుంది. అంటే బ్యాటరీ చచ్చిపోతే బ్యాటరీ దగ్గరికే వెళ్ళలేం. డ్రైవర్ కాళ్ళ దగ్గర ఎడమవైపు ఫ్యూజ్ పెట్టెలో బయటికి లాగే ఎర్ర టెర్మినల్ ఒకటి ఉంటుంది, దానికి బయటి బ్యాటరీ ప్లస్ కలిపి, మైనస్ బాడీకి పెడితే డిక్కీ తెరవడానికి కరెంటు అందుతుంది. ఇప్పటికే ఈ కారు ఉన్నవాళ్ళు ఈ ఒక్క వాక్యం ఫోన్‌లో రాసిపెట్టుకోండి. టో ట్రక్ డ్రైవర్‌కు కూడా ఇది తెలియక రెండు గంటలు వాన్లో నిలబడ్డాం.

మెకానిక్ సీటు విప్పి నన్ను పిలిచాడు. కంట్రోల్ యూనిట్ పిన్నులన్నీ ఆకుపచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఆరు నెలల్లో పట్టే చిలుం కాదని చెప్పాడు. తర్వాత రెండు వైపులా కార్పెట్ ఎత్తి చూపించాడు. కుడివైపు ఫోమ్ నిండుగా ఉంది. ఎడమవైపు చాకుతో కోసి తీసేశారు, మిగిలిన అంచు నల్లగా బూజు పట్టింది. సీటు బోల్టుల మీద పానా గీతలు కొత్తవి. తడిసిన ఫోమ్ కోసి పారేసి, యూనిట్‌ను ఎండబెట్టి, పైన కొత్త మ్యాట్లు పరిచి నాకు అమ్మారన్నమాట. డ్రెయిన్ల జోలికి మాత్రం పోలేదు. వాటిలోంచి తీసిన మట్టి గుప్పెడు ఉంది, అందులో మొలకెత్తిన మేపుల్ గింజ కూడా కనిపించింది.

కొత్త యూనిట్ కొని పెడితే సరిపోదు. తాళాలకూ, ఇంజిన్ కంప్యూటర్‌కూ కోడ్లు కలపాలి, అది అందరి దగ్గరా అయ్యే పని కాదు. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులకు అద్దె కారు ఖర్చు వేరు.

డీలర్‌కు ఫోటోలు పంపితే వచ్చిన సమాధానం ఒక్క ముక్క: యాజ్ ఈజ్ అని సంతకం పెట్టారు కదా. యాజ్ ఈజ్ అంటే ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేకుండా. నిజమే, పెట్టాను. డీలర్ అమ్మే ప్రతి పాత కారు కిటికీకి బయ్యర్స్ గైడ్ అనే కాగితం ఉండాలని ఫెడరల్ నిబంధన. దాని మీద వారంటీ ఉందో, యాజ్ ఈజ్‌గా అమ్ముతున్నారో టిక్కు పెట్టి ఉంటుంది. నేను ధర చూశాను, ఆ టిక్కు చూడలేదు. న్యూజెర్సీలో యూజ్డ్ కార్లకూ లెమన్ లా, అంటే లోపాలున్న కారు కొన్నవాళ్ళను కాపాడే చట్టం, ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాణ్ణి. అది ఏడేళ్ళ లోపు మోడల్, లక్ష మైళ్ళ లోపు, కనీసం 3,000 డాలర్ల ధర ఉన్న కార్లకే. ఇరవై ఏళ్ళ కారుకు అది వర్తించదు. లోపం తెలిసీ దాచి అమ్మడం రాష్ట్ర కన్స్యూమర్ ఫ్రాడ్ చట్టం కిందకు వస్తుంది కాబట్టి ఫోటోలు, మెకానిక్ రాసిచ్చిన కాగితం జత చేసి ఫిర్యాదు పెట్టాను. ఇంకా తేలలేదు. కారు పాత రికార్డు చూపించే హిస్టరీ రిపోర్టులో మాత్రం ఒక్క మచ్చ లేదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కానిది, ఎవరూ నమోదు చెయ్యనిది ఆ రిపోర్టులోకి ఎలా వస్తుంది?

ఇంట్లో ఇదొక్కటే కారైతే మాత్రం కొనకండి, నా మాట వినండి. నేను ఒక సెకండ్ హ్యాండ్ క్యామ్రీ తీసుకున్నాను, వాన రోజుల్లో, చలికాలంలో అదే బయటికి వెళ్తుంది. బాక్స్‌స్టర్‌కు ఉన్నవి సమ్మర్ టైర్లు, 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వస్తే రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. జనవరిలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది రేకును తినేస్తుంది. పైగా చిన్న పార్టు ఏదైనా పోతే, అది దొరికి పని అయ్యేదాకా వారం ఆగగలగాలి. ఆగలేని ఇంట్లో ఇలాంటి కారు రోజువారీ వాడకానికి పనికిరాదు.

అయినా కొనాలని ఉంటే, పొడి రోజున వెళ్ళకండి, వాన పడిన మర్నాడు వెళ్ళండి. సెంటు వాసన కొడితే కిటికీలు మూయించి పది నిమిషాలు లోపల కూర్చోండి, దాని కింద బూజు వాసన తెలుస్తుంది. మ్యాట్ తీసి, సీటు కిందికి చెయ్యి పెట్టి, కార్పెట్‌ను వేళ్ళతో గట్టిగా నొక్కండి. కుడి ఎడమలు రెండూ నొక్కి చూడండి, ఒకవైపు మెత్తగా, ఒకవైపు పలచగా తగిలితే అక్కడే ఆగిపోండి. తర్వాత టాప్‌ను సగం తెరిపించి, వెనక అరలో రెండు డ్రెయిన్లూ చూపించమనండి. మీతో ఒక లీటరు నీళ్ళ సీసా తీసుకెళ్ళండి. అమ్మేవాళ్ళకు చెప్పే, ఒక్కో పక్క సగం సీసా నెమ్మదిగా పొయ్యండి, ఇంకొకరిని వెనక చక్రం ముందు నేలను చూడమనండి. నీళ్ళు ఆగకుండా కింద పడుతున్నాయా లేదా అన్నది అర నిమిషంలో తెలిసిపోతుంది. పొయ్యనివ్వం అంటే, ఆ సీసాలో నీళ్ళు తాగేసి ఇంటికొచ్చెయ్యండి.