స్టార్టు కాని కారు, 270 రూపాయల మీటరు: డీటీ-830డీ పనితనం

డీటీ-830డీ అన్న పేరు చాలామంది విని ఉండకపోవచ్చు గాని, వస్తువును చూస్తే గుర్తుపట్టని వారు తక్కువ. అరచేతిలో ఇమిడే పసుపుపచ్చ డబ్బా, నడుమ గుండ్రటి మీట, పైన చిన్న తెర, అడుగున మూడు రంధ్రాలు, వాటిలో దూర్చుకోవడానికి ఒక ఎర్ర తీగ, ఒక నల్ల తీగ. వోల్టులను, కరెంటుకు తగిలే అడ్డాన్ని (ఓములు), పారే కరెంటును (ఆంపియర్లు) కొలిచే డిజిటల్ మల్టీమీటరు ఇది. ఏ ఒక్క కంపెనీ సరుకూ కాదు. ఒకే నమూనాను ఎన్నో పేర్లతో ఎవరెవరో తయారు చేసి అమ్ముతుంటారు. కాకినాడ మెయిన్ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అమ్మే ఒక చిన్న కొట్టులో దీన్ని 270 రూపాయలకు కొన్నాను. రిమోట్ బ్యాటరీలు చూసుకోవడానికి కొన్న ఈ మీటరు, పోయిన వర్షాకాలంలో మొరాయించిన మా కారు రోగం కనిపెట్టడానికి ఉపయోగపడింది. కాబట్టి దీనితో చేయగల నానా పనుల గురించి కాక, స్టార్టు కాని బండి దగ్గర ఇది ఎంతవరకు నమ్మదగినదో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

మాది పెట్రోలుతో నడిచే తొమ్మిదేళ్ళ చిన్న కారు. తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకునేది. నాలుగైదుసార్లు తిప్పితే ఒకసారి ఏమీ జరగనట్టే స్టార్టయ్యేది. చూపించిన మొదటి చోట బ్యాటరీ దిగిపోయిందని కొత్తది వేశారు. మూడు వారాలు గడిచేసరికి మళ్ళీ అదే టక్కు. ఈసారి సెల్ఫ్ మోటారు పోయిందనీ, మార్చక తప్పదనీ చెప్పారు. బ్యాటరీ కాకపోతే సెల్ఫ్, సెల్ఫ్ కాకపోతే మరొకటి అన్న ఈ వరుసలో ఎక్కడా ఎవరూ ఏదీ కొలిచి చూడలేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. మోటారు మార్చడానికి రెండు రోజులు గడువు అడిగి, ఇంటికి వచ్చి మీటరు తీశాను.

మొదట అందరూ చేసే పనే చేశాను. మీటను డీసీ 20 వోల్టుల గుర్తు దగ్గర పెట్టి, బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక పొద్దున్నే బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య చూస్తే 12.54 వచ్చింది. నిండుగా ఉన్న 12 వోల్టుల సీసపు బ్యాటరీ వాడకుండా ఉన్నప్పుడు 12.6 నుంచి 12.7 దాకా చూపాలి; 12.2 దగ్గర సుమారు సగం మిగిలినట్టు, 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టు లెక్క. అయితే ఈ ఒక్క అంకెను చూసి బ్యాటరీ బాగుందని తేల్చేయడం పొరపాటు. లోపల పలకలు పాడైన బ్యాటరీ కూడా దాని నుంచి ఏదీ కరెంటు లాగనప్పుడు 12.5 చూపించి, సెల్ఫ్ కొట్టగానే చతికిలబడుతుంది. అందుకని తాళం తిప్పుతున్నంతసేపూ మీటరు తగిలించే ఉంచాలి. అప్పుడు అంకె 9.6 కన్నా కిందికి జారకపోతే బ్యాటరీని అనుమానించనక్కరలేదన్నది ఆటో ఎలక్ట్రీషియన్లు పాటించే కొండగుర్తు. మా బండిలో అది 11.6 దగ్గరే ఆగింది, మోటారు మాత్రం తిరగలేదు. బ్యాటరీ నిక్షేపంలా ఉందనీ, దానిలోని కరెంటు మోటారుకు కావలసినంత చేరడం లేదనీ దానితో అర్థమయింది. ఇంకో ఆనవాలు కూడా ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు హెడ్‌లైట్లు పెద్దగా మసకబారేవి కావు. బ్యాటరీ చచ్చినదే అయితే అవి కొడిగట్టిన దీపాల్లా కుంగిపోయేవి.

ఇక్కడే ఈ మీటరు నన్ను ఒకసారి తప్పుదారి పట్టించింది. తప్పు దానిది కాదు, నాది. తీగలలో లోపమేమైనా ఉందేమోనని మీటను 200 ఓముల దగ్గరకు తిప్పి, బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజనుకు పోయే లావుపాటి ఎర్త్ తీగ రెండు కొసలూ పట్టి చూశాను. 0.4 వచ్చింది. మీటరు తీగల మొనలు రెండూ ఒకదానికొకటి ఆనించినా 0.4 వస్తుంది, కాబట్టి ఎర్త్ తీగలో లోపం ఏమీ లేదని సంతోషించాను. తరువాత లెక్క వేసుకుంటే గాని నా తెలివితక్కువతనం బోధపడలేదు. ఈ మీటరు ఓములలో పదో వంతు కన్నా చిన్న తేడాను చూపలేదు. సెల్ఫ్ మోటారు కొట్టేటప్పుడు లాగే కరెంటు చిన్న కారులో కూడా వంద ఆంపియర్లు దాటుతుంది. నూటపది ఆంపియర్లు పారే దారిలో 0.05 ఓము అడ్డం పడిందంటే అక్కడే అయిదున్నర వోల్టులు ఆవిరైపోయినట్టే, ఆ 0.05 ఓము మాత్రం ఈ తెర మీద కనిపించదు. ఓముల కొలత మిల్లీఆంపియర్లతో జరుగుతుంది, రోగం వంద ఆంపియర్ల దగ్గర బయటపడుతుంది. సన్నగా నీళ్ళు వదిలి చూసి పైపు బాగుందనుకుంటే, ట్యాంకు నిండాల్సిన వేళకు అడ్డం తెలిసినట్టు. ఈ మీటరు కొన్నవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది చేసే తప్పు ఇదేనని నా అనుమానం.

సరైన దారి వోల్టుల్లోనే ఉంది: కరెంటు జోరుగా పారుతున్నప్పుడు ఏ ముక్క దగ్గర ఎన్ని వోల్టులు తరిగిపోతున్నాయో చూడాలి. బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, మీటను మళ్ళీ డీసీ 20కి తిప్పాను. నల్ల మొనను బ్యాటరీ నెగెటివ్ సీసం మీద, దానికి బిగించిన క్లాంపు మీద కాకుండా నేరుగా సీసం మీదనే ఆనించి, ఎర్ర మొనను ఇంజను మీద రంగు లేని శుభ్రమైన లోహానికి నొక్కిపట్టాను. మా అమ్మాయి డ్రైవరు సీట్లో కూర్చుని, “ఇప్పుడు తిప్పనా నాన్నా?” అని అడిగి, నేను సరేననగానే నాలుగు సెకన్లు తాళం తిప్పి పట్టుకుంది. బాగున్న బండిలో ఈ రెండు చోట్ల మధ్య 0.2 వోల్టుల కన్నా ఎక్కువ రాకూడదు. మా మీటరు 5.8 చూపించింది. పాజిటివ్ వైపు, బ్యాటరీ నుంచి మోటారు వెనక బోల్టు దాకా అదే విధంగా చూస్తే 0.3, అక్కడ సగం వోల్టు దాకా తగ్గినా ఫరవాలేదు. 11.6లో ఈ రెండూ పోగా మోటారుకు దక్కినది అయిదున్నర. పన్నెండు వోల్టుల మోటారు అయిదున్నరతో టక్కుమనడం తప్ప ఏం చేస్తుంది!

రోగం ఎర్త్ దారిలో ఉందని తేలాక మిగిలింది దాన్ని ముక్కలు చేసి చూడటమే. నల్ల మొనను బ్యాటరీ సీసం మీదనే ఉంచి, ఎర్రదాన్ని ఎర్త్ తీగ అవతలి కొసన ఉన్న లగ్గు (బోల్టు కింద బిగించే లోహపు చెవి) మీద పెడితే 0.1. లగ్గు మీద నుంచి దాని కిందనే ఉన్న గేర్‌బాక్సు లోహం మీదకు జరిపితే ఒక్కసారిగా 5.8. నడుమ దూరం గోరంత కూడా లేదు. పైకి బోల్టు గట్టిగానే బిగిసి ఉంది, తీగ కొత్తదిలా ఉంది, చూపుకు అనుమానించదగ్గది ఏదీ లేదు. బ్యాటరీ నెగెటివ్‌ను ఊడదీసి, ఆ బోల్టు విప్పి లగ్గు ఎత్తి చూస్తే అడుగున తెల్లటి పొడి, ఒక అంచున పచ్చటి చిలుం, దాని కింద గేర్‌బాక్సు మీద గరుకుగా గుంటలు పడిన మచ్చ. సముద్రం పక్క ఊళ్ళో బండి పెట్టుకున్నవాళ్ళకు ఈ ఉప్పుగాలి చేసే పని కొత్త కాదు. ఎమరీ కాగితంతో రెండు ముఖాలూ మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ పూశాను. ఇంజను అందుకోకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి మళ్ళీ సెల్ఫ్ కొట్టించి చూస్తే అదే చోట 0.12. ఫ్యూజు పెట్టి తాళం తిప్పగానే బండి అందుకుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద 14.1 వచ్చింది కాబట్టి బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు కూడా తన పని తాను చేస్తోందని తెలిసింది. ఖర్చు, ఎమరీ కాగితం ఒకటి.

ఈ సందర్భంలో ఒక మాట చెప్పాలి. కొన్ని చిన్న కార్లలో మాదాంట్లో లాగే ఆ ఎర్త్ లగ్గు సెల్ఫ్ మోటారును పట్టి ఉంచే బోల్టు కిందనో, దాని పక్కనో ఉంటుంది. మోటారు మార్చాలంటే ఆ బోల్టు విప్పి మళ్ళీ బిగించక తప్పదు. ఆ కదలికకే చిలుం కొంత రాలి, బండి చక్కగా స్టార్టయి ఉండేది. మెకానిక్కు మోటారే పాడైందని మనస్ఫూర్తిగా నమ్మేవాడు, నేనూ నమ్మేవాణ్ణి, ఏడాదికో రెండేళ్ళకో అదే టక్కు తిరిగి వచ్చేది. కొలవకుండా చేసిన మరమ్మతు ఫలించినప్పుడు కూడా కారణం దొరకలేదన్న సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఇక మీటరు లోపాల విషయానికొస్తే అవి తక్కువేమీ కాదు. దీని తెర సెకనుకు రెండు మూడుసార్లే మారుతుంది, అతి తక్కువ అంకెను పట్టి ఉంచే సౌకర్యం లేదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు రెప్పపాటులో పడి లేచే వోల్టేజీని కంటితో పట్టుకోవడం కష్టం. నేను ఫోనును మీటరు ఎదుట నిలబెట్టి వీడియో తీసి, తరువాత నెమ్మదిగా తిప్పి చూసుకున్నాను. తెరకు వెలుగు లేదు కాబట్టి బానెట్ కింద చీకట్లో టార్చి కావాలి. తీగలు సన్నవి, పెళుసువి. నావాటిలో నల్లది మూడో నెలలోనే పిడి దగ్గర తెగింది. దానంతట అది ఆగిపోయే ఏర్పాటు లేనందువల్ల మీటను ఆఫ్‌కు తిప్పడం మరిచిపోతే లోపలి 9 వోల్టుల బ్యాటరీ అయిపోతుంది. అది పూర్తిగా చావకముందు ఇంకో ప్రమాదం ఉంది: లోపలి బ్యాటరీ బలహీనపడితే ఈ రకం మీటర్లు అసలు కన్నా ఎక్కువ వోల్టులు చూపిస్తాయి. దిగిపోయిన కారు బ్యాటరీ నిండుగా ఉన్నట్టు కనిపిస్తే ముందు మీటరు బ్యాటరీని అనుమానించాలి.

ఆంపియర్ల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. బండి ఆగి ఉన్నప్పుడు చాటుగా కరెంటు ఎంత లాగుతున్నదో చూడాలని, నెగెటివ్ క్లాంపు ఊడదీసి మీటరును మధ్యలో పెట్టాను. ఆత్రం కొద్దీ 200 మిల్లీఆంపియర్ల గుర్తు దగ్గర పెట్టడంతో, తగిలించిన క్షణాన బండిలోని కంప్యూటర్లు మేలుకుని లాగిన కరెంటుకు లోపలి ఫ్యూజు కాలిపోయింది. ఆ కొలతకు 10 ఆంపియర్ల రంధ్రమే వాడాలి. అందులో అంకె 10 మిల్లీఆంపియర్ల మెట్లలో మాత్రమే కదులుతుంది కాబట్టి, అరగంట ఆగాక మా బండి చూపిన 0.03ను ముప్పైకి అటూ ఇటూ అని చదువుకోవాలి. యాభై లోపు ఉంటే సాధారణంగా చింతించనక్కరలేదు. ఆ రంధ్రానికి ఫ్యూజు లేదని డబ్బా మీదనే రాసి ఉంటుంది. మీటరు అలా మధ్యలో ఉండగా ఎవరైనా తాళం తిప్పితే తీగలు కాలతాయి, చేతులూ కాలవచ్చు. ఇంటి కరెంటు కొలవడానికి కూడా అంకెలు ఉన్నాయి గాని, ఇంత పలుచని డబ్బాను, ఇలాంటి తీగలను పట్టుకుని నేను ప్లగ్గు పాయింటు దగ్గరకు వెళ్ళను, ఇంకొకరిని వెళ్ళమననూ అనను.

ఇంజను చక్కగా తిరుగుతూ అందుకోకపోతే మాత్రం దీనితో సాధించేది కొంచెమే. తాళం ఆన్ చేసిన రెండు క్షణాలు ఫ్యూయల్ పంపుకు 12 వోల్టులు వస్తున్నాయా, ఫ్యూజులు బాగున్నాయా అన్నంతవరకు చెబుతుంది. ఆ తరువాత బండి కంప్యూటర్లను చదివే స్కానర్ ఉన్నవాళ్ళ దగ్గరకే వెళ్ళాలి. టక్కుమని ఆగిపోయే బండికీ, ఆ టక్కు కూడా వినిపించని బండికీ అయితే ఇంతకన్నా ఖరీదైన మీటరు చెప్పేది కూడా దాదాపు ఇదే. కొనేవాళ్ళు మరో 150 రూపాయలు పెట్టి మొసలినోటి క్లిప్పులున్న లావుపాటి తీగల జత కూడా తీసుకుంటే, ఒక మొనను బ్యాటరీకి కరిపించి ఒంటిచేత్తో రెండోది పట్టుకోవచ్చు. నా మీటరు ఇప్పుడు కారు డాష్‌బోర్డు అరలోనే ఉంటోంది, 9 వోల్టుల బ్యాటరీని ఊడదీసి పక్కన ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టాను.