అమ్మ ఉంటున్న సీనియర్ లివింగ్: అంటు జబ్బులొస్తే వీళ్ళెలా చూసుకుంటారు, నా రివ్యూ

రేటింగ్: 5 కి 4

పెద్దవాళ్ళుండే ఈ హోమ్‌లో అమ్మని చేర్పించి రెండేళ్ళు దాటింది. రూములు, లిఫ్టు, తోట ఇవన్నీ ఒకసారి వెళ్ళి చూస్తే మీకే తెలిసిపోతాయి కాబట్టి వాటి గురించి రాయట్లేదు. వెళ్ళి చూసినా తెలియనిది ఒకటుంది, ఒకరికి అంటు జబ్బు వస్తే మిగతావాళ్ళకి పాకకుండా వీళ్ళేం చేస్తారనేది. అది నేను రెండుసార్లు దగ్గర్నుంచి చూశాను. మొదటిసారి చాలా కోపం వచ్చింది, రెండోసారి ఇదే చోట అమ్మని ఉంచినందుకు ధైర్యంగా అనిపించింది.

మొదటిది అమ్మ చేరిన కొత్తలో. సాయంత్రం డైనింగ్ హాల్లో ఒక పెద్దాయన వాంతి చేసుకున్నారట, డ్యూటీలో ఉన్నమ్మాయి మామూలు ఫినాయిల్‌తో తుడిచేసి, చేతులకి శానిటైజర్ రాసుకుని మళ్ళీ వడ్డనకి వచ్చేసింది. ఆ అమ్మాయి తప్పేం లేదు, అంతకన్నా ఎవరూ నేర్పలేదు. రెండ్రోజుల్లో అమ్మతో కలిపి ఆ ఫ్లోర్లో పది మందికి పైనే వాంతులు, విరేచనాలు. టెస్ట్ చేయిస్తే నోరోవైరస్ అని వచ్చింది. అప్పటిదాకా నాక్కూడా తెలీదు, దీనిమీద శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యదు, సబ్బు పెట్టి పారే నీళ్ళ కింద కనీసం 20 సెకన్లు రుద్ది కడగాల్సిందే. వందలోపు వైరస్ కణాలు లోపలికి వెళ్ళినా చాలు జబ్బు అంటుకోడానికి. లోపలికి వెళ్ళాక 12 నుంచి 48 గంటల్లో బయటపడుతుంది, అందుకే అందరూ ఒక్కసారే పడిపోయినట్టు కనిపిస్తుంది. అమ్మకి ఒంట్లో నీళ్ళు తగ్గిపోయి రెండ్రోజులు సెలైన్ పెట్టారు, 79 ఏళ్ళ మనిషికి అది చిన్న విషయం కాదు. మాకు ఫోన్ చేసింది మూడో రోజు! ఆ మూడు రోజుల్లో నేను ఒకసారి వెళ్ళొచ్చాను కూడా, ఎవరూ ఒక్క మాట చెప్పలేదు.

దానిమీద కుటుంబాల వాళ్ళం అందరం వెళ్ళి కూర్చుని గట్టిగా అడిగాం. మేనేజర్ సాకులేం చెప్పకుండా తప్పైందని ఒప్పుకున్నారు, తర్వాత నిజంగానే మార్చారు, అందుకే ఈ రివ్యూ రాస్తున్నాను. ఇప్పుడు ఇన్ఫెక్షన్ల పని చూసుకోడానికి ప్రత్యేకంగా ఒక నర్స్ ఉన్నారు. ప్రతి ఫ్లోర్లో ఒక బకెట్ రెడీగా ఉంటుంది, అందులో గ్లౌజులు, మాస్కు, ఏప్రాన్, పేపర్ టవల్స్, బ్లీచ్. ఎవరైనా వాంతి చేసుకుంటే ముందు చుట్టూ ఉన్నవాళ్ళని అక్కణ్ణుంచి పంపేస్తారు, ఎందుకంటే ఆ తుంపరలు గాల్లోకి కూడా లేస్తాయి, తర్వాత పేపర్ వేసి తీసి, బ్లీచ్ కలిపిన నీళ్ళు పోసి కనీసం ఐదు నిమిషాలు అలా తడిగా వదిలేస్తారు. పోసిన వెంటనే తుడిచేస్తే మందు పనిచెయ్యదని నర్సుగారు చెప్పారు, మన ఇళ్ళల్లో అందరం చేసే తప్పు అదే. గ్లౌజుల విషయంలో కూడా అంతే, ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి అవే గ్లౌజులతో వెళ్తే గ్లౌజులే జబ్బుని మోసుకెళ్తాయి, కాబట్టి మనిషి మారితే గ్లౌజులు మార్చాలి, తీశాక మళ్ళీ చేతులు కడగాలి.

కానీ అన్నిటికన్నా పెద్ద మార్పు బకెట్టూ కాదు బ్లీచూ కాదు, స్టాఫ్‌కి ఒంట్లో బాగోకపోతే జీతం కోయకుండా సెలవివ్వడం. అమ్మని చూసుకునే ఆయా నాతో చెప్పింది, "ఇంతకుముందు జ్వరమున్నా మాత్ర వేసుకుని వచ్చేసేదాన్నమ్మా, ఒకరోజు మానితే ఒకరోజు డబ్బులు పోయేవి" అని. ఆ మాట విన్నాక నాకు చాలాసేపు మనసు బాగోలేదు. ఎక్కడికీ వెళ్ళని పెద్దవాళ్ళకి జబ్బు వచ్చేది బయట తిరిగే మననుంచే కదా, స్టాఫ్ నుంచో చుట్టపుచూపుగా వెళ్ళిన మన నుంచో. ఇప్పుడు వాంతులు విరేచనాలు అయినవాళ్ళు పూర్తిగా తగ్గాక ఇంకో 48 గంటలు ఆగి గానీ డ్యూటీకి రాకూడదు, ఆ రోజులకీ జీతం ఉంటుంది. తగ్గాక కూడా రెండు వారాలో ఇంకా ఎక్కువో ఆ వైరస్ ఒంట్లోంచి పోతూనే ఉంటుంది కాబట్టి వచ్చాక కూడా చేతులు కడగడం వదలరు. మీరు ఏ హోమ్ చూడ్డానికి వెళ్ళినా ముందు ఈ ప్రశ్న అడగండి, మీ ఆయాలకి జ్వరమొస్తే జీతం ఇస్తారా అని.

రెండోసారి వచ్చింది ఫ్లూ. పక్క రూము పెద్దావిడకి జ్వరం పెద్దగా లేదు, దగ్గు కూడా లేదు, కానీ రోజూ లేవగానే జడ వేసుకునే మనిషి ఆ రోజు మంచం దిగలేదు, మాట కాస్త తడబడింది. ఆయా అది గమనించి వెంటనే నర్స్‌కి చెప్పింది. వయసు మీదపడ్డవాళ్ళలో జబ్బు చాలాసార్లు ఇలాగే మొదలవుతుందట, తిండి తగ్గడం, అయోమయం, పడిపోవడం. అందుకే థర్మామీటర్ 100 దాటేదాకా ఆగకుండా, మామూలుగా వాళ్ళకుండే టెంపరేచర్ కన్నా రెండు డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగినా జ్వరం కిందే లెక్కేస్తారు. అదే రోజు టెస్ట్, అదే రోజు ఒసెల్టమివిర్ అనే ఫ్లూ మందు మొదలుపెట్టారు, ఆ మందు మొదటి 48 గంటల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. ఇంకొకరికి కూడా రాగానే ఆ ఫ్లోర్లో బాగున్నవాళ్ళకి కూడా ముందుజాగ్రత్తగా అదే మందు డాక్టర్ రాసిచ్చి రెండు వారాలు వేయించారు. సాయంత్రానికల్లా నాకు ఫోన్. మొత్తం నలుగురికి వచ్చి ఆగిపోయింది, ఎవరినీ హాస్పిటల్లో చేర్చాల్సిన పని రాలేదు.

టీకాలు ఏటా వేస్తారు. 65 దాటినవాళ్ళకి హై డోస్ ఫ్లూ వ్యాక్సిన్ ఉంది, మామూలు దానికన్నా యాంటిజెన్ (ఒంటికి వైరస్‌ని గుర్తుపట్టడం నేర్పే పదార్థం) నాలుగింతలు ఉంటుంది, అమ్మకి అదే వేయించాం. స్టాఫ్‌కి కూడా వేస్తున్నారు, పెద్దవాళ్ళ ఒంట్లో టీకా పూర్తిగా పట్టదు కాబట్టి చుట్టూ ఉన్నవాళ్ళు వేయించుకోవడం అంత ముఖ్యం.

ఇంక ఆ ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానంటే. ఫ్లూ అప్పుడు అమ్మకి రాకపోయినా వారం పైన రూములోనే ఉంచేశారు, అవసరమే ఒప్పుకుంటాను, కానీ ఆ వారం నడిపించడానికి ఎవరూ రాలేదు, తర్వాత అమ్మ కాళ్ళు పట్టు తప్పి మళ్ళీ నడక కుదురుకోడానికి నెలన్నర పట్టింది. అమ్మకి చెవుడు, పెదాలు చూసి మాట అర్థం చేసుకుంటుంది, అందరూ మాస్కులతో వస్తే ఎవరేం అంటున్నారో తెలియక ఏడ్చిందట. పెద్ద అక్షరాలతో రాసిన కాగితం ఒకటి చూపిస్తే సరిపోయేది, రూములోనే రోజుకి నాలుగు సార్లు అటూ ఇటూ నడిపించినా సరిపోయేది. జబ్బు రాకుండా చూడడం అంటే మనిషిని గదిలో పెట్టి తలుపేసెయ్యడం కాకూడదు, ఇది మేనేజర్‌కి రాతపూర్వకంగా ఇచ్చాను. టీవీ రూములో గాలి కూడా ఇంకా బాగోలేదు, గంటకి ఐదుసార్లైనా గాలి మారాలంటారు, అక్కడ కిటికీలే తెరుచుకోవు, ఎయిర్ ఫిల్టర్ మెషిన్ పెడతామన్నారు, ఇంకా రాలేదు. వారాంతంలో బయటి ఏజెన్సీ నుంచి వచ్చే స్టాఫ్‌కి ఈ పద్ధతులు సగం తెలియవు, అది కూడా చూసుకోవాలి.

పోయిన ఆదివారం నాకు గొంతు కొంచెం గరగరగా ఉంది, గేటు దగ్గర అడిగితే ఉన్నది చెప్పాను, లోపలికి వద్దన్నారు. అంతదూరం వెళ్ళి వెనక్కి రావడం కష్టంగానే అనిపించింది. ఆయా అమ్మని వీల్‌చైర్లో కింద కిటికీ దగ్గరికి తీసుకొచ్చి, నేను బయట నుంచుని ఫోన్లో చెప్పేదంతా పలక మీద పెద్దగా రాసి చూపించింది, అరగంట మాట్లాడుకున్నాం.