పారి జీపీలో సిగ్మా: ఒక్క పెద్ద సంఖ్యకు తిరుగులేదు, పట్టికలకు మాత్రం చూసి వాడాలి

ఒక సంఖ్య భాజకాల మొత్తం కావాలంటే, సంఖ్యల లెక్కలకు వాడే పారి జీపీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్క పదం చాలు: సిగ్మా. దాని దగ్గర ఏం ఆశించవచ్చో, ఎక్కడ అనుమానించాలో తేల్చుకోవాలంటే లోపల జరిగే పని తెలియాలి. ఇది భాజకాలను ఒక్కొక్కటిగా వెతికి కూడదు. సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొడుతుంది, ఒక్కో ప్రధాన ఘాతానికి విడిగా మొత్తం కట్టి, అన్నిటినీ గుణిస్తుంది. 360 తీసుకోండి: 8, 9, 5 ల లబ్ధం. వాటి భాజకాల మొత్తాలు 15, 13, 6. గుణిస్తే 1170. లెక్కలో కష్టమంతా విడగొట్టడంలోనే ఉంది, ఆ తర్వాతది ఎక్కాల పుస్తకంతో అయ్యే పని. అందుకే దీని మంచీ చెడూ వెనకున్న కారణాంక యంత్రానివే.

ఆ యంత్రం గట్టిది. చిన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూడటం దగ్గర మొదలై, పొలార్డ్ రో, దీర్ఘవృత్త వక్రాల పద్ధతి, బహుపద వర్గ జల్లెడ లాంటి పెద్ద సంఖ్యలను విడగొట్టే పద్ధతుల దాకా తనంతట తానే మార్చుకుంటూ పోతుంది. పైథాన్‌లోని సింపై అనే గణిత లైబ్రరీ కూడా ఇదే లెక్క చేస్తుంది, ఇప్పటికే పైథాన్‌లో ఉన్నవాళ్లకు చిన్న సంఖ్యల వరకు అది చాలు. కానీ రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధం ఎదురైతే పారి ముందు నిలవలేదు. ఎంత మంచి యంత్రానికైనా హద్దు ఉంటుందనుకోండి. అలాంటి లబ్ధానికి సిగ్మా తెలిసిందంటే కారణాంకాలు తెలిసినట్టే. 8051 కి సిగ్మా 8232. అందులోంచి 8052 తీసేస్తే 180, అదే రెండు ప్రధాన సంఖ్యల మొత్తం. 180 వర్గంలోంచి 4×8051 తీసేస్తే 196, దాని వర్గమూలం 14. 180 కి 14 కలిపి సగం చేస్తే 97, తీసేసి సగం చేస్తే 83. కాబట్టి కారణాంకాలను తప్పించుకుని సిగ్మాకు దొడ్డిదారి వెతకడం దండగ.

రెండో స్థానంలో ఘాతాంకం ఇవ్వవచ్చు. సిగ్మా(6, 2) అంటే భాజకాల వర్గాల మొత్తం, 50. దీని అసలు అందం రుణ ఘాతాంకంలో ఉంది: సిగ్మా(12, -1) అంటే 7/3 అని కచ్చితమైన భిన్నం వస్తుంది, దశాంశం కాదు. 28 కి 2, 120 కి 3. అంటే పరిపూర్ణ సంఖ్య (తనను మినహాయిస్తే మిగతా భాజకాల మొత్తం తనకే సమానమయ్యేది) అవునా కాదా అని ‘2 కి సమానమా’ అంటూ నేరుగా పోల్చి చూడవచ్చు, దశాంశాల చివరి అంకె గురించి బెంగ అక్కర్లేదు.

ఇక చిక్కులు. సున్నా ఇస్తే గట్టిగా అరుస్తుంది, మంచిదే. -12 ఇస్తే మాత్రం గుర్తు పట్టించుకోకుండా 28 అంటుంది, పైన ఎక్కడో తీసివేతలో పొరపాటు జరిగి ఉంటే అక్కడే మరుగున పడిపోతుంది. మాథమాటికా అనే గణిత సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది: అక్కడ ఘాతాంకం ముందు, సంఖ్య వెనక. ఆ అలవాటుతో ఇక్కడ సిగ్మా(2, 6) అని కొడితే 50 కి బదులు 65 వస్తుంది. రెండూ చక్కని పూర్ణాంకాలే కాబట్టి చూపుకు తేడా తెలియదు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది సగం విడగొట్టిన సంఖ్య. సిగ్మాకు సంఖ్యకు బదులు కారణాంకాల పట్టికే ఇవ్వవచ్చు. ఒకసారి విడగొట్టి, అదే పట్టికతో సిగ్మా, ఆయిలర్ ఫై (ఆ సంఖ్యతో ఉమ్మడి కారణాంకం లేని చిన్న సంఖ్యలు ఎన్నో చెప్పేది), భాజకాల సంఖ్య మూడూ లెక్కకట్టుకునే వీలు అది. కానీ విడగొట్టే ఫ్యాక్టర్ ఆదేశానికి ఎంతవరకు వెతకాలో హద్దు పెట్టి తెచ్చిన పట్టికలో ఒక సంయుక్త సంఖ్య విడిపోకుండా మిగిలితే, సిగ్మా దాన్నీ ప్రధాన సంఖ్యగానే నమ్ముతుంది. 101×103 అనే 10403 అలా మిగిలితే 10404 అంటుంది, రావాల్సింది 10608. హెచ్చరిక ఉండదు. హద్దు పెట్టినప్పుడు చివరి వరుసను ప్రధానత పరీక్షకు పెట్టాల్సిందే. హద్దు లేకపోయినా, పెద్ద కారణాంకాలు ‘దాదాపు ప్రధానం’ అన్న పరీక్ష దగ్గరే ఆగుతాయి. నిరూపణే కావాలంటే ఫ్యాక్టర్ ప్రూవెన్ అనే అమరికను 1 చేయాలి. రోజువారీ పనికి అంత అవసరం రాదు, 64 బిట్లలోపు సంఖ్యలకు ఆ పరీక్ష ఎటూ పొరపడదు.

వరుసగా ఎన్నో సంఖ్యల సిగ్మాలతో కట్టే పట్టికల దగ్గరికొస్తే ఉత్సాహం కాస్త తగ్గుతుంది. కోటి సంఖ్యలకు సిగ్మాల వరుస కట్టమంటే, 64 బిట్ల యంత్రం మీద ఒక్కో గడికి 8 బైట్ల చిరునామా, 24 బైట్ల పూర్ణాంకం, మొత్తం 32 కోట్ల బైట్లు. పారి తన పనికి కేటాయించుకునే మెమరీ, అంటే స్టాక్, మామూలుగా 80 లక్షల బైట్లే, కాబట్టి పొంగిపోయిందని చెప్పి ఆగిపోతుంది. స్టాక్ పెంచడం ఒక దారి. అంతకంటే తెలివైనది ఫర్‌ఫ్యాక్టర్డ్ అనే లూపు: జల్లెడ పట్టి ప్రతి సంఖ్యనూ దాని కారణాంకాలతో సహా చేతికిస్తుంది, ఆ జతను అలాగే సిగ్మాకు ఇవ్వవచ్చు. ఒక్కో సంఖ్యనూ విడిగా విడగొట్టే ఖర్చు పోతుంది.

1 నుంచి ఒక సంఖ్య వరకు అన్ని సిగ్మాల మొత్తం మాత్రమే కావాలంటే అసలు సిగ్మాను పిలవకండి. 10 వరకు కావాలనుకుందాం. 1 అనే భాజకం 10 సార్లు, 2 ఐదు సార్లు, 3 మూడు సార్లు, 4, 5 రెండేసి సార్లు, 6 నుంచి 10 వరకు ఒక్కోసారి వస్తాయి: 10+10+9+8+10+40, అంటే 87. ఒకే భాగఫలం వచ్చే భాజకాలను ఇలా గుంపులు కడితే, పది లక్షల వరకు సుమారు రెండు వేల గుంపులతో పని అయిపోతుంది. రాసుకున్నది సరిచూసుకోవడానికి 100 వరకు 8299, 1000 వరకు 823081 రావాలి.

సిగ్మా కోడ్ సొంతంగా రాసుకునేవాళ్ల తప్పులు రెండే, కానీ ప్రతిసారీ అవే. వర్గమూలం దాకా భాజకాలు వెతికి జతగా కూడేటప్పుడు 36 లో 6 రెండుసార్లు పడి, 91 కి బదులు 97 వస్తుంది. రెండోది పైథాన్‌లో ఒంటి గీత (/) భాగహారం: అది దశాంశ సంఖ్య ఇస్తుంది, 2 కి 53వ ఘాతం దాటితే చివరి అంకెలు మాయం. జంట గీత (//) వాడాలి. పారిలో ఈ గొడవే లేదు, భాగహారం కచ్చితంగానే ఉంటుంది.

సిగ్మాలో లేనిదల్లా శేషంతో లెక్కకట్టే రూపం. ఘాతాలు మరీ పెద్దవై జవాబు శేషం మాత్రమే కావాలంటే సొంతంగా రాసుకోక తప్పదు. అక్కడ ప్రధాన సంఖ్య తర్వాతి ఘాతంలోంచి ఒకటి తీసేసి, దాన్ని ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేసిన హారంతో భాగించే సూత్రం ఉంది. ఆ భాగహారాన్ని విలోమంతో (శేషాల లెక్కలో భాగించడానికి బదులు గుణించే సంఖ్యతో) చేస్తే, ఆ హారానికీ మాడ్యులస్‌కూ (శేషం కోసం భాగించే సంఖ్యకూ) ఉమ్మడి కారణాంకం ఉన్నప్పుడు విలోమమే ఉండదు. అందుకని ముందు ఘాతాన్ని మాడ్యులస్, హారాల లబ్ధంతో శేషం తీసి, ఆ తర్వాతే హారంతో భాగించాలి. 81 సిగ్మాకు 7 తో శేషం కావాలంటే: 81 అంటే 3 కి నాలుగో ఘాతం, హారం 3-1 అంటే 2, కాబట్టి 3 కి ఐదో ఘాతం 243 ని 14 తో భాగించి శేషం 5, ఒకటి తీసేస్తే 4, సగం 2. అసలు సిగ్మా 121, దాన్ని 7 తో భాగించినా శేషం 2.