పట్టు ఫ్లై లైన్: ఏళ్ల తరబడి వాడాక తేలిన సంగతులు

ఫ్లై అంటే ఈకలు, దారాలతో పురుగులా చేసిన తేలికపాటి ఎర. దాన్ని దూరానికి మోసుకెళ్లేది ఫ్లై లైన్, అందులో పట్టుతో అల్లి లోపలికి అవిసె నూనె పట్టించి, తేలడానికి పైన గ్రీజు రాసే రకం పట్టు లైన్. అది చెడిపోయిందంటే చాలా వరకు ఏటి దగ్గర కాదు, ఇంటికొచ్చాక చెడిపోతుంది. తడి లైన్‌ను రాత్రంతా రీల్ మీదే ఉంచేయడం, గ్రీజు మందంగా పులిమి అలాగే సంచిలో పడేయడం, లోపలి నూనె గట్టిపడకముందే బిగించి చుట్టేయడం. ఈ మూడూ చేయకపోతే మంచి పట్టు లైన్ ఇరవై ఏళ్లు దాటి పనిచేస్తుంది. ప్లాస్టిక్ పూత లైన్‌ను ఎంత శ్రద్ధగా వాడినా కొన్ని సీజన్లకే పగుళ్లు మొదలవుతాయి.

ఈ సమీక్ష రెండు రకాల లైన్లను పక్కపక్కనే వాడి రాస్తున్నది. ఒకటి ఈ కాలంలో తయారైన కొత్త లైన్. ఇటలీ టెరెన్జియో, ఫ్రాన్స్ తెబో, ఇంకా ఫీనిక్స్ అనే తయారీదారుల పేర్లు ఈ రంగంలో అందరికీ తెలిసినవే. రెండోది ప్లాస్టిక్ రాకముందు ఇంగ్లండ్‌లో తయారైన కింగ్‌ఫిషర్ లాంటి పాత లైన్, పాత నూనె తీసేసి కొత్తగా పట్టించినది. రెండూ డబుల్ టేపర్, అంటే మధ్యలో లావుగా ఉండి రెండు కొసలూ సన్నబడే రకం. పొడవు 30 గజాలు, సుమారు 27 మీటర్లు.

కొత్తవారికి ముందుగా కొలతల సంగతి. పాత లైన్ల పెట్టెల మీద హెచ్‌ఈహెచ్, హెచ్‌డీహెచ్ అని ఉంటుంది. అవి మందాన్ని చెప్పే అక్షరాలు. ఎ అంటే 0.060 అంగుళం, ఒక్కో అక్షరానికి 0.005 తగ్గుతూ హెచ్ దగ్గరికి వచ్చేసరికి 0.025. కాబట్టి హెచ్‌ఈహెచ్ అంటే కొసలు 0.025, మధ్యభాగం 0.040 అంగుళం, దాదాపు ఒక మిల్లీమీటరు. లైన్లన్నీ పట్టువే అయినప్పుడు మందం తెలిస్తే బరువు తెలిసినట్టే, అందుకే ఈ పద్ధతి చక్కగా నడిచింది. 1950ల్లో అమెరికాలో కోర్ట్‌లాండ్, సైంటిఫిక్ యాంగ్లర్స్ ప్లాస్టిక్ పూత లైన్లు తెచ్చాక అదే మందానికి వేరే బరువు రావడం మొదలైంది. 1961లో మొదటి 30 అడుగుల బరువును బట్టి అంకెలు పెట్టారు. 5 నంబరుకు 140 గ్రెయిన్లు, అంటే 9 గ్రాములు. పట్టులో హెచ్‌ఈహెచ్‌ను సుమారు 5గా, హెచ్‌డీహెచ్‌ను 6గా లెక్కపెట్టుకోవచ్చు. పాత లైన్ అయితే ఈ లెక్కను నమ్మకుండా మొదటి 30 అడుగులను నగల తూకం మీద వేసి చూడండి. పాత నూనె ఎంత ఉందన్నదాన్ని బట్టి బరువు చాలా మారుతుంది.

విసిరినప్పుడు తేడా మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది. అదే బరువుకు పట్టు లైన్ సన్నంగా ఉంటుంది కాబట్టి ఎదురుగాలిని కోసుకుని పోతుంది, నీటి మీద తక్కువ అలజడితో వాలుతుంది. పెద్దగా సాగదు. అందువల్ల చేప అందుకున్న క్షణం చేతికి వెంటనే తెలుస్తుంది. చలిలో ప్లాస్టిక్ లైన్ స్ప్రింగులా చుట్టలు చుట్టుకుంటుంది. పట్టును ఒకసారి చేతులతో లాగి వదిలితే చాలు, తిన్నగా ఉంటుంది. వెదురు రాడ్‌తో ఎనిమిది నుంచి పదిహేను మీటర్ల దూరంలో, ప్రశాంతంగా పారే నీటి మీద డ్రై ఫ్లై, అంటే నీటిపై తేలే ఫ్లై, వేయడానికి ఇంతకంటే మంచి లైన్ నాకు దొరకలేదు. ఇరవై మీటర్లు దాటి విసరాలనుకునేవారికి, గట్టి కార్బన్ రాడ్ వాడేవారికి ఇది అంత లాభం ఇవ్వదు. బరువంతా ముందువైపు ఉండే ప్లాస్టిక్ లైనే వారికి నయం.

ఇక తేలడం. పట్టు నీటికన్నా బరువు. దాన్ని తేల్చేది పైన రాసిన పల్చటి గ్రీజు, నీటి తలతన్యత. గ్రీజు ఎంత ఎక్కువ రాస్తే అంత బాగా తేలుతుందనుకోవడం తప్పు. మందంగా రాసిన గ్రీజు ఇసుకను, నాచును, దుమ్మును పట్టుకుంటుంది. ఆ మురికి దగ్గర నీటి పొర తెగుతుంది, లైన్ ముందే మునుగుతుంది. పైగా ఇసుకరేణువులు రాడ్ రింగులను, పట్టు అల్లికను రెండింటినీ అరగదీస్తాయి. పొద్దున పూర్తిగా ఆరిన లైన్ మీద మాత్రమే, రెండు వేళ్ల మధ్య కొద్దిగా గ్రీజు తీసుకుని, పది పన్నెండు మీటర్లకు సరిపోయేలా రుద్దండి. పావుగంట ఆగి, పాత నూలు గుడ్డతో నొక్కి పట్టుకుని లైన్‌ను రెండుసార్లు లాగండి. చేతికి జిడ్డు తగలకూడదు. తడి లైన్ మీద గ్రీజు రాస్తే లోపలి తేమకు మూత వేసినట్టే. ఆ రోజుకి తేలొచ్చు, కానీ చివికిపోవడం అక్కణ్నుంచే మొదలవుతుంది.

గ్రీజు విషయంలో మ్యూసిలిన్ అనే బ్రాండ్‌లో ఎర్ర డబ్బానే వాడండి. ఆకుపచ్చ డబ్బాలో సిలికాన్ ఉంటుంది. సిలికాన్ అల్లికలోకి ఒకసారి వెళ్తే మళ్లీ పూర్తిగా రాదు. తర్వాత ఎప్పుడైనా కొత్తగా అవిసె నూనె పట్టించాలంటే అది సమంగా పట్టదు, మచ్చలు మచ్చలుగా నిలుస్తుంది.

బాగా గ్రీజు పట్టిన లైన్ సగం రోజు హాయిగా తేలుతుంది. మధ్యాహ్నానికి కొస మునగడం మొదలైతే దాన్ని నీళ్లలోంచి ఎత్తడం కష్టమై, విసురు లయ చెడుతుంది. అప్పుడు రెండు దారులు. భోజనం వేళ మొదటి పదిహేను మీటర్లు తీసి కొమ్మల మధ్య వదులుగా వేలాడదీసి, అరగంట ఆరాక మళ్లీ పల్చగా గ్రీజు పెట్టడం. లేదా డబుల్ టేపర్ కాబట్టి లైన్‌ను తిప్పి రెండో కొస వాడడం. రెండో స్పూల్ మీద మరో లైన్ ఉంచుకోవడం అన్నిటికన్నా సుఖం, కానీ ఖర్చు రెట్టింపు. పట్టు లైన్ ధర మామూలు లైన్‌కు కొన్ని రెట్లు ఉంటుందన్నది దాచాల్సిన విషయం కాదు.

మునిగే గుణాన్ని వాడుకోవడం కూడా తెలిసి ఉండాలి. గ్రీజు లేని పట్టు నీటి పై పొరకు కాస్త కిందగా మెల్లగా దిగుతుంది. నీటి లోపల నడిపే వెట్ ఫ్లైకి అదే కావాలి. ఇంకో దారి, లైన్‌ను తేల్చి ఫ్లైని మాత్రమే ముంచడం. స్కాట్లండ్‌లో డీ నది మీద కెయిర్న్‌టన్ దగ్గర ఎ.హెచ్.ఇ. ఉడ్ సాల్మన్ కోసం నడిపిన పద్ధతిలో లైన్‌కు గ్రీజు పెట్టి తేల్చి, ఫ్లైని మాత్రం నీటి పొర కిందే ఉంచేవారు. లైన్ పైన తేలుతుంటే ప్రవాహం దాన్ని వంచినప్పుడల్లా రాడ్‌తో ఎత్తి సరిచేయవచ్చు. ట్రౌట్‌కు కూడా చివరి మీటరు గ్రీజు లేకుండా వదిలితే ఇదే ఫలితం వస్తుంది.

ఇంటికి రాగానే చేయాల్సిన పని ఒక్కటే, దాన్ని ఏ రోజూ వాయిదా వేయకూడదు. రీల్ మీది లైన్ మొత్తం, తడవని భాగంతో సహా, తీసేయాలి. పై చుట్టల తేమ కింది చుట్టలకు దిగుతుంది కాబట్టి, తడవలేదనుకున్న భాగం కూడా తడిగానే ఉంటుంది. లైన్ వెనక కట్టే అదనపు దారం, అంటే బ్యాకింగ్, డాక్రాన్ అనే పాలిస్టర్‌ది అయితే చివకదు కానీ నీళ్లు దాచుకుంటుంది, దాన్నీ ఆరబెట్టాలి. పట్టుచీరను పిండకుండా నీడన ఆరేసినట్టే దీన్నీ ఆరేయాలి. మెత్తటి గుడ్డతో ఒత్తి తుడవండి, పిండొద్దు, ఎండలో పెట్టొద్దు, హీటర్ దగ్గర అసలే వద్దు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పట్టును పసుపు చేసి బలహీనపరుస్తాయి. లైన్‌ను చుట్టి ఆరబెట్టే చెక్క వైండర్ ఉంటే మంచిదే, లేకపోతే రెండు కుర్చీల వీపుల మీదుగా వదులుగా చుట్టి రాత్రంతా ఉంచితే చాలు.

సీజన్ అయిపోయాక గ్రీజు తీసేయాలి. గోరువెచ్చని నీటిలో కొన్ని చుక్కల బేబీ షాంపూ కలిపి, లైన్‌ను అందులోంచి గుడ్డ మధ్య లాగి, మంచినీటిలో మూడుసార్లు జాడించి, రెండు రోజులు ఆరబెట్టండి. తర్వాత 25 సెంటీమీటర్ల వ్యాసంతో వదులైన చుట్టగా చేసి, నాలుగుచోట్ల నూలు దారంతో కట్టి, చీకటిగా గాలి ఆడే చోట వేలాడదీయండి. ప్లాస్టిక్ సంచి వద్దే వద్దు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో లైన్ దాచుకునేవారు రేకు డబ్బాలో సిలికా జెల్ పొట్లం పెట్టి, పొట్లం లైన్‌కు తగలకుండా చూసి, వర్షాకాలంలో నెలకోసారి తెరిచి గాలి తగిలించాలి. హిమాచల్ తిర్థన్ నదికో, కాశ్మీర్ లిద్దర్ నదికో ఏడాదికోసారి మాత్రమే వెళ్లేవారి లైన్‌కు అసలు గండం ఈ ఖాళీ నెలల్లోనే.

ఇంత చేసినా బంక వస్తే? కారణం అవిసె నూనె. అది నీరులా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టి పొరగా మారుతుంది. గాలి చాలకపోయినా, గ్రీజు పేరుకుని మూసుకున్నా, వేడి చోట బిగుతుగా ఉంచినా ఆ పొర మెత్తబడి చుట్టలు అతుక్కుంటాయి. టిష్యూ కాగితాన్ని లైన్ మీద నొక్కి తీయండి. పోగులు కొద్దిగా అంటితే తేలిక బంక: వెలుతురు ఉండి నేరుగా ఎండ పడని వరండాలో రెండు మూడు వారాలు వేలాడదీసి, టాల్కం పౌడర్ రాసి తుడిస్తే పోతుంది. కాగితమే అతుక్కుంటే పాత నూనె తీయాల్సిందే.

తీయడానికి లీటరు గోరువెచ్చని నీటికి రెండు టేబుల్ స్పూన్ల తినే సోడా కలిపి, వదులు చుట్టగా కట్టిన లైన్‌ను అందులో ఒక రాత్రి నానబెట్టండి. బట్టల సోడా త్వరగా పనిచేస్తుంది కానీ పట్టు మాంసకృత్తు, గట్టి క్షారం దాన్నే తినేస్తుంది. పొద్దున ముతక గుడ్డతో తుడిస్తే గోధుమరంగు జిగురు వస్తుంది. రాకపోతే కొత్త నీటితో మరో రాత్రి. చివర స్పూను వెనిగర్ వేసిన నీటిలో ముంచి, మంచినీటిలో జాడించి, మూడు రోజులు ఆరనివ్వండి.

నూనె పట్టించేముందు బలం చూడాలి, లేకపోతే రెండు నెలల శ్రమ వృథా. రెండు చేతుల మధ్య అర మీటరు పట్టుకుని, జెర్క్ ఇవ్వకుండా నిదానంగా లాగండి. రెండు కొసల దగ్గర, కొసకు మూడు మీటర్ల దూరంలో, నడిమధ్యలో. మధ్యభాగం నాలుగు కిలోలు ఆపకపోతే ఆ లైన్‌ను నేను ఉంచుకోను. కొస ఒక్కటే చివికి ఉంటే, ఆ ముక్క కోసేసి రెండో కొస వాడుకోవచ్చు.

నూనె విషయానికొస్తే, మన హార్డ్‌వేర్ షాపుల్లో పెయింటర్ల కోసం అమ్మే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ సరిపోతుంది. పచ్చి అవిసె నూనె ఆరడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. మొదటి పూతకు మూడు పాళ్ల నూనెకు ఒక పాలు టర్పెంటైన్ కలిపి, గాజు సీసాలో లైన్ మునిగేలా ఒక రోజు ఉంచాలి. సీసాను గోరువెచ్చని నీటి గిన్నెలో పెడితే నూనె పల్చబడి అల్లికలోకి దిగుతుంది, బుడగలు పైకొస్తాయి. ఆహారం నిల్వ చేసే వాక్యూమ్ సీసా, చేతి పంపు ఉంటే ఇంకా మంచిది. లోపలి గాలి బయటికి లాగి, మళ్లీ వదిలినప్పుడు నూనె ఆ ఖాళీల్లోకి చొరబడుతుంది. ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దం చివరే గాలి పంపుతో ఇలా చేసేవారు. బుడగలు ఆగాక తీసి, ఫెల్ట్ ముక్క మధ్య గట్టిగా నొక్కి రెండుసార్లు లాగాలి. పైన నూనె మెరుపు కనిపించకూడదు.

తర్వాత డాబా మీద నీడలో, చెక్క మేకుల మధ్య అటూ ఇటూ సాగదీసి వారం రోజులు. రెండో పూత నుంచి నానబెట్టక్కర్లేదు, గుడ్డతో పల్చగా రాసి తుడవడమే. ఒక్కో పూత మధ్య వారం, పూతకీ పూతకీ మధ్య మెత్తటి ప్యూమిస్ పొడి అద్దిన గుడ్డతో ఒక రుద్దు. ఆరు నుంచి ఎనిమిది పూతలు. వార్నిష్ కలిపితే నునుపు వస్తుంది, కానీ నూనెలో అయిదో వంతు దాటితే పొర పెళుసై వంపుల దగ్గర పగులుతుంది, పగుళ్లలోంచి నీళ్లు దిగుతాయి. చివరి పూత తర్వాత నెల రోజులు ఆగకుండా ఏటికి తీసుకెళ్లొద్దు. తెలుగు రాష్ట్రాల్లో ఈ పని డిసెంబరు, ఫిబ్రవరి మధ్య చేయడం ఉత్తమం. వర్షాకాలంలో నూనె గట్టిపడదు, ఏప్రిల్, మే నెలల్లో ధూళి పొరలో ఇరుక్కుంటుంది.

ఒక హెచ్చరిక, దీన్ని దాటేయొద్దు. అవిసె నూనె అంటిన గుడ్డలను ముద్దగా చేసి చెత్తబుట్టలో వేస్తే అవి వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. ఒక్కో గుడ్డను విడిగా బయట పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్లు నింపిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.

లీడర్, అంటే లైన్ కొసకూ ఫ్లైకీ మధ్య ఉండే సన్నటి నైలాన్ దారం, కట్టేటప్పుడు దాన్ని లైన్ చుట్టూ చుట్టి బిగించే నెయిల్ నాట్ ముడి వేయకండి, ఆ నైలాన్ పూతను కోస్తూ అల్లికలోకి దిగుతుంది. కొసన సన్న పట్టుదారంతో చిన్న లూప్ చుట్టి వార్నిష్ వేసి, లూప్‌కు లూప్ కలపండి. పాత పద్ధతి ఫిగర్ ఆఫ్ ఎయిట్ ముడి కూడా బాగానే నిలుస్తుంది. ఏటా సీజన్ ముందు ఆ చుట్టుడు విప్పి చూడండి. లూప్ మొదట్లో పట్టు తెల్లగా నెరిస్తే ఆ పది సెంటీమీటర్లు కోసేసి కొత్త లూప్ వేయాలి.

పాత లైన్ కొనేవారు పెట్టె అందం చూసి డబ్బు ఇవ్వొద్దు. చుట్ట విప్పి చూపించమనండి. చుట్టలు విడిపోయేటప్పుడు చప్పుడు చేస్తే నూనె తీయాల్సిన లైన్. బూజు వాసన, నల్లటి చుక్కలు ఉంటే అక్కడ పట్టు చివికి ఉంటుంది, దాన్ని ఏ నూనే బాగుచేయదు. బంక ఉన్నా అర మీటరు లాగుడుకు నిలబడే లైన్‌ను తక్కువ ధరకు దొరికితే నిస్సందేహంగా తీసుకోండి. బంక తీసేయొచ్చు.