లీప్ సెకను: ఒక్కసారిగా కలపాలా, రోజంతా పంచాలా?

భూమి తిరుగుడు అణు గడియారాలంత నిలకడగా సాగదు. ఆ తేడా సర్దడానికి 1972 నుంచి 27 సార్లు ఒక్కో అదనపు సెకను, అంటే లీప్ సెకను, కలిపారు. చివరిది 2016 డిసెంబర్ 31 అర్ధరాత్రి, ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ ప్రకారం. మనకు అప్పుడు జనవరి 1 తెల్లవారుజాము ఐదున్నర కావస్తోంది.

మొదటి పద్ధతి, సెకనును ఒక్కసారిగా కలపడం. నెట్‌వర్క్ ద్వారా కంప్యూటర్ల గడియారాలను సరిచేసే ఎన్‌టీపీ ప్రమాణంలో దీనికి ఏర్పాటు ఉంది. టైమ్ సర్వర్ పంపే ప్రతి ప్యాకెట్ మొదట్లో రెండు బిట్లుంటాయి. అవి 01 అయితే, ఈ రోజు చివరి నిమిషానికి 61 సెకన్లని ముందస్తు కబురు. చిక్కంతా దాన్ని అందుకునే యంత్రంలోనే. కంప్యూటర్లు 1970 మొదటి నుంచి సెకన్లు లెక్కపెట్టే యునిక్స్ లెక్కలో రోజుకు 86,400 సెకన్లే, అదనపు సెకనుకు చోటు లేదు. అందుకని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్ గడియారాన్ని వెనక్కి జరుపుతుంది: 1483228799.9 దాటాక మళ్లీ 1483228799.0. తర్వాత జరిగిన పని ముందే జరిగినట్టు లాగ్‌లో పడుతుంది. ఇంటర్నెట్ సేవల సంస్థ క్లౌడ్‌ఫ్లేర్‌లో, సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్ సాఫ్ట్‌వేర్ ఆ 2016 లీప్ సెకను వేళ ఇక్కడే దెబ్బతింది. కాలం వెనక్కి పోదన్న నమ్మకంతో రాసిన తీసివేతలో రుణసంఖ్య వచ్చింది. 2012 లీప్ సెకనుకైతే కెర్నల్‌లోని లోపమే బయటపడి, ఎన్నో సర్వర్లలో ప్రాసెసర్లు పనేమీ లేకుండానే నిండిపోయాయి.

రెండో పద్ధతి స్మియర్, అంటే సెకనును కొద్దికొద్దిగా పంచడం. గూగుల్ ఆ సెకనును యూటీసీ మధ్యాహ్నం నుంచి మర్నాటి మధ్యాహ్నం దాకా పరుస్తుంది. ఒక్కో సెకనూ సుమారు 11.6 మైక్రోసెకన్లు సాగుతుంది. గడియారం వెనక్కి నడవదు. కాకపోతే అర్ధరాత్రి వేళ అసలు యూటీసీకి అర సెకను ఎడంగా ఉంటుంది.

వెబ్‌సైట్లు, డేటాబేస్‌లు నడిపేవారికి స్మియరే మేలని గట్టిగా చెబుతాను. అర సెకను ఎడం వాళ్లకు పట్టదు, తారుమారైన వరుస మాత్రం డేటాను పాడు చేస్తుంది. ఖగోళ పరిశీలనకు ఇది పనికిరాదు. యూరప్‌లో అతివేగ షేర్ల లావాదేవీలకు యూటీసీతో తేడా 100 మైక్రోసెకన్లు మించకూడదని నిబంధన, అక్కడా కుదరదు.

అన్నిటికన్నా ప్రమాదం, రెండు రకాల సర్వర్లనూ ఒకే కాన్ఫిగరేషన్‌లో పెట్టడం. స్మియర్ చేసే గూగుల్ టైమ్ సర్వర్ పక్కన, స్మియర్ చేయని మామూలు ఎన్‌టీపీ పూల్ సర్వర్లను చేరిస్తే, లీప్ సెకను రోజున అవి ఒకదానితో ఒకటి అర సెకను దాకా విభేదిస్తాయి. ఎవరి మాట నమ్మాలో తెలియక ఒక్కో యంత్రం ఒక్కో వైపు మొగ్గుతుంది.

2035లోగా లీప్ సెకన్ల పద్ధతి మార్చాలని 2022లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానించింది. అందాకా స్మియర్ కావాలంటే సంస్థ లోపల ఒక క్రోనీ (ఎన్‌టీపీ సాఫ్ట్‌వేర్) సర్వర్ పెట్టుకోవచ్చు. అది బయటి నుంచి అసలు యూటీసీ తీసుకుని, స్మూత్‌టైమ్ అనే ఆదేశంతో లీప్ సెకనును లోపలి యంత్రాలకు పరిచి ఇస్తుంది. ఆ యంత్రాలు మాత్రం ఇంకెవరినీ టైమ్ అడగకూడదు.